ముక్కుపుడక లాగిన చేయి

ఈ మాటలు నావి, అక్షరాలు కిందింటి టీచరమ్మవి. నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీద ఉప్పల్ అని ఉంటే గుర్తుపట్టడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. టీచరమ్మది కాకినాడ వైపు. నేను మాట్లాడేది ఉన్నదున్నట్టు రాస్తే అందరికీ అందదని, పుస్తకాల భాషలోకి మారుస్తానంది.

"మారిస్తే మార్చు గని, తిట్లు మాత్రం తీసెయ్యకు టీచరమ్మా" అన్నాను.

"తిట్లు తీసేస్తే మీ కథలో ఏం మిగులుతుందండీ నర్సమ్మగారూ?" అంది.

ఆమె నవ్వుతూనే అంది కానీ నిజమే. రెండేళ్లు నేను ఒక మనిషిని తిట్టడం తప్ప ఇంకో పని సరిగ్గా చేయలేదు. ఆ తిట్ల వెనక నా ముక్కు సగం పోయింది. కోపం ఇంకా ఉంది. ఎవరి మీద అని అడిగితే మాత్రం ఇప్పుడు ఒక్క పేరు చెప్పలేను. అందుకే చెప్తున్నాను, వినండి.

నేను నాచారంలో మూడంతస్తుల ఇంటి పైన రేకుల గదిలో ఉంటాను. వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు చేసి ఉప్పల్‌లో కర్రీ పాయింట్లకు, కిరాణా కొట్లకు వేస్తాను. ఇరవై ఏళ్లకు పైనే అయింది. ఈ పనికి చేతులు ఎంత ముఖ్యమో ఎండ అంత ముఖ్యం. పొద్దున పిండి పెట్టి, సాయంత్రం దాకా కాకులను తోలుతూ డాబా మీదే కూర్చోవాలి. నెత్తిన కొంగు తప్ప ఇంకేమీ ఉండదు. ఎండ లేని రోజు మాకు పస్తు రోజు. అందుకని ఎండను నేను ఎన్నడూ తిట్టలేదు. తిట్టాల్సిందాన్ని వదిలేసి మా ఆడబిడ్డను తిట్టాను.

పదో దినం

మా ఆయన ఎల్లయ్య చర్లపల్లిలో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా పని చేసేవాడు. డ్యూటీలో ఉండగానే గుండె ఆగిపోయింది. పదో దినం నాడు నన్ను ఇంటి వెనక నల్లా దగ్గర కూర్చోబెట్టారు. గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు, బొట్టు తుడిచారు. మిగిలింది ముక్కుపుడక.

మా అమ్మగారి వైపు ముక్కుపుడక తీయరు. అత్తగారి వైపు తీస్తారు. అక్కడే మొదలైంది లొల్లి. మా ఆయన అక్క అంజమ్మది చెంగిచెర్ల. మనిషి పొట్టిది, గొంతు పెద్దది. కొంగు నడుముకు చెక్కి ముందుకొచ్చింది.

"మా తమ్ముడే పోయినంక నీకు ముక్కు మీద మెరుపెందుకే?" అంది.

"మా దిక్కు తియ్యరు వదినె. ఉండనీ" అన్నాను.

"నువ్వు నీ దిక్కున సావలే, మా దిక్కున బతికినవ్. ముక్కు ఇటు తిప్పు."

అది నా పెళ్లినాటి పుడక. మర పట్టేసి ఉంది. సబ్బు రాసింది, రాలేదు. దారం చుట్టింది, రాలేదు. చివరికి నా తల మోకాళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా లాగింది. పుడక వచ్చింది, దాంతో పాటు రక్తం వచ్చింది. నేను అరిచిన అరుపుకు కింది అంతస్తుల వాళ్లు బయటికొచ్చారు.

రక్తం తుడుస్తూ అంజమ్మ నా ముక్కు మీదికి వంగి చూసింది. "నర్సీ, ఆగు. ఇక్కడ ఏందే, గింజ లెక్క ఉన్నది? ఇది పుడక దగ్గరిది కాదు. నేను జేసింది కాదు. ముందుగాలనే ఉన్నది. సూపించుకో" అంది.

"పీకింది నువ్వు, ఇప్పుడు మాట తప్పిస్తున్నవా? నీ చేతులు ఇరిగిపోను!" అన్నాను.

భర్త పోయిన పదో రోజు. తిట్టడానికి నాకు ఒక మనిషి కావాలి. దేవుడు అందుబాటులో లేడు. అంజమ్మ ఉంది.

మొదటి ఎండాకాలం

రంధ్రం నెల రోజుల్లో పూడిపోయింది. ఆ పక్కన, ముక్కు చెంపను తాకే మడతలో మాత్రం పుండు మానలేదు. నాకు తెలిసిన వస్తువుతో చెప్తాను. సగ్గుబియ్యం సగం ఉడికినప్పుడు గింజ బయట అద్దంలా మెరుస్తూ లోపల తెల్లగా ఉంటుంది చూడండి, అట్లా ఉండేది. నడుమ చిన్న గుంట. ముఖం తుడుచుకుంటే రక్తం చెమ్మ. పొక్కు కట్టేది, నాలుగు రోజులకు రాలేది, మానిందనుకునేలోపు మళ్లీ తడి.

నొప్పి లేదు. దురద లేదు. అదే మోసం. నొప్పి ఉంటే నేను దవాఖానాకు ఉరికేదాన్ని. నొప్పి లేని పుండును పని చేసుకునే ఆడది ఎవరు పట్టించుకుంటారు?

పసుపు పెట్టాను, సున్నం పెట్టాను. మా గల్లీలో సూది మందు ఇచ్చే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే, "పుడక రంధ్రం చీము పట్టిందమ్మా" అని ట్యూబు ఇచ్చాడు. ఆ ట్యూబు అయిపోతే ఇంకో ట్యూబు. ఉప్పల్‌లో నగలు చేసే ఔసలాయన, "రంధ్రంల బంగారం పడితే మానుతది" అని పూడిన రంధ్రాన్ని మళ్లీ పొడిచి సన్న తీగ ఎక్కించాడు. చూసిన ప్రతివాళ్లూ పుడకనే చూశారు. పుడక ఉన్న చోటు వేరు, పుండు ఉన్న చోటు వేరు అని ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? అడిగేలోపు నేనే చెప్పేదాన్ని కదా, "మా వదినె పీకింది" అని.

పెండ్లిండ్ల రోజులు

ఇక్కడి నుంచి నేను చేసింది చెప్పడానికి సిగ్గే. టీచరమ్మ కూడా ఇక్కడికి వచ్చేసరికి కలం ఆపి నా వంక చూసింది. రాయి అన్నాను.

ఆ పుండును నేను సాక్ష్యంగా దాచుకున్నాను.

ఎవరింట్లో పెండ్లయినా, పుట్టెంట్రుకలైనా ముందు వరసలో కూర్చునేదాన్ని. ముఖం దాచుకోవాల్సిన మనిషిని, కొంగు పక్కకు జరిపి చూపించేదాన్ని. "సూడున్రి, ఏడాది దాటింది, ఇంక మానలే. మా అంజమ్మ వదినె చేతి పని" అనేదాన్ని. అంజమ్మ అదే పంక్తిలో కూర్చుని అన్నం కలుపుకుంటూ ఉండేది. మొదట్లో అరిచేది. తర్వాత విస్తరి తీసుకుని వేరే వరసకు పోయేది. ఆమె లేచిపోతుంటే నాకు బువ్వ రుచిగా ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

నా బిడ్డ సుజాత రామంతాపూర్‌లో ఉంటుంది, ఒక మందుల కొట్లో పని చేస్తుంది. అది మొత్తుకునేది. "అమ్మా, మానని పుండును డాక్టర్‌కు సూపెట్టాలె. రోజూ మా కొట్టుకు వచ్చేటోళ్లకు నేనే చెప్త. ఇంట్ల నా తల్లే ఇనకపాయె."

"పంచాయితీ అయినంక పోదాం" అన్నాను.

"పంచాయితీకి పుండుకు ఏం సంబంధమే?"

"మానితే పెద్దమనుషులకు ఏం సూపెట్టాలె?"

సుజాత నెత్తి కొట్టుకుంది. నేను కదల్లేదు. కులపెద్దల ముందు అంజమ్మ తప్పు ఒప్పుకోవాలి, అప్పటిదాకా ఈ పుండు ఇట్లాగే ఉండాలి. అది నా పంతం. పంచాయితీ ఒకసారి ఒక పెద్దాయన చనిపోయి ఆగింది, ఒకసారి ఇంకొకాయన మాల వేసుకుని ఆగింది. పుండు మాత్రం ఆగలేదు. బియ్యపు గింజంత ఉన్నది కందిగింజ అయింది, కందిగింజ శనగగింజ అయింది. అంచులు లేచి నడుమ లోతు పడింది.

చివరికి చెంగిచెర్లలో అంజమ్మ ఇంటి ముందు కుర్చీలు వేశారు. అంజమ్మ నిలబడి ఒకే మాట అంది.

"పుడక పీకినోల్లెవరంటే నేనే. ఆ పుండు మాత్రం నాది కాదు. ఆనాడే చెప్పిన సూపించుకోమని. ఇనలే."

"ఇనలే అంట! ఎంత పుణ్యాత్మురాలివే నువ్వు!" అని నేను లేచాను.

పెద్దమనుషులు ఇద్దరినీ కూర్చోబెట్టి, "ఇంటి ఆడోళ్లు, ఇంట్లనే తేల్చుకోన్రి" అని, కూర తిని, చేతులు కడుక్కుని పోయారు. సాక్ష్యం చూసినవాళ్లు లేరు. ఒకాయన మాత్రం పోతూ పోతూ, "గది దవాఖానల సూపెట్టు చెల్లె, మంచిగ లేదు" అన్నాడు. నేను ఆయన్ను కూడా తిట్టాను, మనసులో.

తెల్ల గుడ్డ మీద చుక్క

రెండో ఎండాకాలం. డాబా మీద తడి పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతున్నాను. వంగి గరిటెతో పోస్తుంటే తెల్ల వడియం మీద ఎర్ర చుక్క పడింది. ఇంకోటి. ఇంకోటి. ముక్కు మీద చేయి పెడితే చేయి తడిసింది. కొంగు అదిమినా రక్తం ఆగడం లేదు.

ఆ పూట పెట్టిన పిండి మొత్తం ఎత్తి పారేశాను. ఇరవై ఏళ్లలో నేను వడియాలు పారేయడం అదే మొదలు. సుజాతకు ఫోన్ చేశాను. "పంచాయితీ అయిపాయె. పా, పోదాం" అన్నాను. అది ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండేది.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పెద్దదవాఖానాకు పోయాం. అక్కడి బల్లల మీద మనుషులు మనుషులను చూసే చూపు చెప్తే పాపం. నా పక్కన కూర్చున్నామె నా ముక్కు చూసి తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది, తర్వాత తనే లేచి దూరం పోయింది. "నేనేం కరవనమ్మా" అన్నాను. చీటీలు ఇచ్చే అతను పేరు మూడుసార్లు అడిగి మూడుసార్లు తప్పు రాశాడు. పొద్దున వెళ్లిన మాకు మధ్యాహ్నం దాటాక పిలుపు వచ్చింది.

ఆ మధ్యలో ఎదురు బల్ల మీద భువనగిరి వైపు పెద్దాయన ఒకడు పరిచయమయ్యాడు, బాలయ్య అని. పిక్క మీద పాత కాలిన మచ్చ. చిన్నప్పుడు పొయ్యిలో పడ్డాడంట. ఆ మచ్చ మీద ఏడాదిగా పుండు, పైన గోబి పువ్వులా లేచి ఉంది.

"కాలిన కాడ మళ్ల పుండైతే మామూలే అనుకున్నం చెల్లె. ఆకు కట్టిన. ఇప్పుడు ఇంకో రకం క్యాన్సర్ అంటున్రు, జర తొందరగ పాకేది అంట" అన్నాడు. "నీదేంది?"

"మా వదినె పీకింది" అన్నాను.

"క్యాన్సర్‌నా?" అన్నాడు.

పక్కన సుజాత నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు మేం నవ్వింది అదొక్కసారే.

డాక్టరమ్మ చిన్నపిల్లే. వెలుతురు కిందికి నన్ను లాగి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చెవులు చూసింది, మెడ చూసింది, జుట్టు పాయలు తీసి చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంది. ముక్కులో సూది అంటే ఏనుగు లాంటి మనిషికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్పుడు అక్కడ ఊడ్చే ఆయమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి, నా కాలి బొటనవేలు గట్టిగా పట్టుకుంది. సూది తీసేదాకా వదల్లేదు. ఆమె పేరు అడగలేదు నేను. ఆ వేలు మీద ఆ పట్టు ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది.

ఫోటో

పరీక్ష కాగితం వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది.

"ఇది చర్మం క్యాన్సర్ అమ్మా. పేరు విని భయపడకండి. ఇందులో ఇది నెమ్మదైన రకం. ఒంట్లో వేరే చోటికి పోవడం చాలా అరుదు. కానీ ఉన్న చోట తింటూ పోతుంది. వదిలేస్తే ఎముక దాకా, కంటి దాకా వెళ్తుంది. ఇప్పుడే తీసేయాలి."

"ఎట్లొచ్చింది?"

"ఏళ్ల తరబడి ఎండలో ఉన్నారు కదా. మన రంగు వాళ్లకు తక్కువే వస్తుంది. అంత మాత్రాన రాదని కాదు."

"ఎండ కాదు డాక్టరమ్మా. మా వదినె పుడక పీకింది, గప్పటి సంది."

"పుడక పీకితే ఇది రాదమ్మా."

"వస్తది."

ఆమె కోపం తెచ్చుకోలేదు. పుడక తీయకముందు దిగిన ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది. సుజాత తన ఫోన్లో తన పెళ్లి ఫోటోలు తెరిచింది. మా ఆయన పోవడానికి ఏడాది ముందు పెళ్లి అది. నేను పెళ్లికూతురి నోట్లో లడ్డు పెడుతున్న ఫోటో, పక్కకు తిరిగి ఉన్నాను. సుజాత రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. నా చెంప పెద్దదైంది, ముక్కు పెద్దదైంది. పుడక మెరుస్తోంది. దానికి ఒక వేలి మందం వెనక, మడతలో, ఇంకో చిన్న మెరుపు.

"ఫ్లాష్ వెలుగు అనుకున్నమే అమ్మా ఇది" అంది సుజాత మెల్లగా.

డాక్టరమ్మ కలం మొనతో చూపించింది. "పుడక ఇక్కడ. ఇది ఇక్కడ. పుడక తీయడానికి ముందే ఉంది. ఇంత ఉన్నప్పుడు వచ్చి ఉంటే చిన్న కోత, నాలుగు కుట్లు, సాయంత్రానికి ఇంటికి పోయేవారు. ఇప్పుడు ముక్కు రెక్క చాలావరకు తీయాల్సి వస్తుంది. నుదుటి మీది చర్మం తెచ్చి అక్కడ కట్టాలి."

క్యాన్సర్ అన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ముక్కు పోతుందని కాదు. వదినె తప్పు కాదని. రెండేళ్లు పట్టుకుని వేలాడిన తాడు చేతిలోంచి జారిపోయినట్టయింది. ఆ వెంటనే నల్లా దగ్గర ఆమె అన్న మాట చెవిలో పడింది: "గింజ లెక్క ఉన్నది. సూపించుకో."

ఈ లోకంలో నాకు ఆ గింజను మొదట చూపించింది ఆమె. చూపించుకోమని మొదట చెప్పింది ఆమె. ఆమె చెప్పింది కాబట్టే నేను రెండేళ్లు చూపించుకోలేదు. సుజాత వైపు తిరిగి, "మీ మేనత్తకు చెప్పకు" అన్నాను. అది అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

తొండం

ఆపరేషన్ నాటి పొద్దున అంజమ్మ టిఫిన్ డబ్బాతో దవాఖానా మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఎందుకొచ్చినవ్?" అన్నాను.

"సూసి పోదామని. నీ నోరు గూడ కోస్తున్నరేమో అని ఆశపడి వచ్చిన" అంది.

మత్తులోంచి లేచేసరికి నుదుటి నుంచి కనుబొమ పక్కగా ముక్కు దాకా నా చర్మమే వంతెనలా వేలాడుతోంది. దాంట్లోంచే కొత్త ముక్కుకు రక్తం అందాలంట, మూడు వారాలు అట్లాగే ఉంచాలంట. తీసిన ముక్క అంచుల్లో రోగం మిగల్లేదని పరీక్షలో తేలింది, అది మంచి మాట. అద్దంలో చూసుకున్నది మాత్రం మంచి మాట కాదు. మెట్రోలో ఒక పసిపిల్ల, "అమ్మా, ఏనుగు" అంది. తల్లి దాని నోరు మూసింది. నోరు మూస్తేనే ఎక్కువ నొప్పి.

సుజాతకు సెలవు దొరకలేదు. మూడు వారాలు నా గదిలో ఉన్నది అంజమ్మే. కట్టు విప్పేది, ఉప్పునీళ్లతో తుడిచేది, మళ్లీ కట్టేది. ఆ చేతులే. విరిగిపోవాలని నేను రోజూ కోరిన చేతులు. తుడుస్తున్నంతసేపూ తిట్టేది.

"కదలకే దున్నపోతా. మా తమ్ముడు నిన్నెట్ల భరించిండో."

"మెల్లగ తుడువు. నువ్వు మనిషివా, గిన్నెలు తోమే పీచువా?"

"బొట్టు పెట్టుకున్న తోలు తెచ్చి ముక్కుకు కుట్టిన్రు. ఇప్పుడు నీ పెత్తనమంతా ముక్కు మీదికే వచ్చింది."

ఉప్పల్‌లో కర్రీ పాయింట్ ఆయన ఈ మధ్యలో ఫోన్ చేసి, "ఇప్పుడు నీ వడియాలొద్దక్కా, గిరాకీకి వచ్చేటోళ్లు అడుగుతున్రు, అంటుకుంటదేమో అని" అన్నాడు. ఆ మాట నాకు కోత కన్నా లోతుగా దిగింది. ఆ పనే నా బతుకు. అంజమ్మ నేను చెప్పకుండానే షేర్ ఆటో ఎక్కి పోయింది. అక్కడ ఏమందో తర్వాత ఆ కర్రీ పాయింట్ ఆయనే చెప్పాడు.

"అంటుకునేదైతే రోజూ తుడిచే నాకు ముందుగాల అంటాలె గద! ఇగో నా ముక్కు, సూడు! నీకు వడియాలొద్దంటే వద్దను. రోగం పేరు జెప్పి మనిషిని పక్కకు పెట్టకు" అని గిరాకీ ముందరే మీద పడిందంట. తర్వాతి వారం నుంచి మళ్లీ వడియాలు అడిగాడు. పాత మిత్రత్వంతో కాదు, అంజమ్మ మళ్లీ వస్తుందన్న భయంతో. భయమైనా సరే, గిరాకీ గిరాకీయే.

ఆ సాయంత్రం నేను నోరు తెరిచాను.

"వదినె, పుండు నువ్వు జేసింది కాదు."

"తెల్సు."

"తప్పయింది."

అంజమ్మ కట్టు ముడి గట్టిగా బిగించింది. "పది మందిల తిట్టినవ్. గదిల కూసోని చెప్తే సరిపోతదా? పది మందిల చెప్పు."

ఇప్పుడు

వంతెన కోసేశారు. ముక్కు ఉంది. ఒక పక్క కొంచెం బొద్దు, కొంచెం వేరే రంగు. నుదుటి మీద నిలువు గీత. నీళ్లు తాగగలను, వాసన పట్టగలను, నూనె కాగిందో లేదో ఇంకా ముక్కుతోనే చెప్పగలను.

మా మరిది మనవడి పుట్టెంట్రుకల దావత్‌లో ముందు వరసలోనే కూర్చున్నాను. ఇదివరకు కొంగు జరిపి చూపించిన ఒక్కొక్కరికీ మళ్లీ కొంగు జరిపి చూపించాను. "వదినె చేసింది కాదు. ఎండకు వచ్చింది. మొదట చూసింది ఆమె. నేనే ఇనలే" అని ఒక్కొక్కరికీ చెప్పాను. పుండు చూపించడం సులభంగా ఉండేది. ఇది చెప్పడానికి ఒక్కొక్కరి దగ్గర రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. అంజమ్మ అదే పంక్తిలో కూర్చుని విన్నది. ఈసారి విస్తరి తీసుకుని లేవలేదు. క్షమించానని కూడా అనలేదు. "అన్నం సల్లారుతది, తిను" అంది, అదీ నా వంక చూడకుండా.

చదివేవాళ్లకు చెప్పేది ఇంతే. ముఖం మీద, చెవి మీద, మెడ మీద, పాత కాలిన మచ్చ మీద నెల దాటినా మానని పుండు ఉంటే, మెరిసే గింజ ఉంటే, మానినట్టే మాని మళ్లీ రక్తం కారితే, చర్మం డాక్టర్‌కు చూపించండి. నొప్పి లేదని ఊరుకోకండి. పసుపు పెట్టకండి, సున్నం పెట్టకండి. ఎందుకు వచ్చిందో మీరే తేల్చుకుని పోకండి. కారణం డాక్టర్‌ను చెప్పనివ్వండి. బాలయ్యకు కాలు నిలిచింది, పిక్కలో పెద్ద ముక్క పోయింది. ఆయనా నాలాగే ముందే కారణం చెప్పుకున్నవాడు.

ఎండ నా బువ్వ, మానలేను. కానీ ఇప్పుడు పొద్దు పైకి రాకముందే వడియాలు పెట్టి మెట్ల గది నీడలోకి వచ్చేస్తాను. డాబా మీద కట్టిన తాడుకు పాత స్టీలు పళ్లేలు వేలాడదీశాను. కాకి వస్తే నీడలో కూర్చునే తాడు లాగుతాను. పళ్లేలు మోగుతాయి, కాకి పోతుంది. పొలం పనివాళ్లు పెట్టుకునే పెద్ద టోపీ ఒకటి సుజాత తెచ్చింది. గల్లీ నవ్వింది. నవ్వనీ. ఏనుగును చూసిన గల్లీయే కదా.

మూడు నెలలకోసారి దవాఖానాకు పోతాను. ఒకసారి వచ్చినవాళ్లకు ఇంకో చోట రావచ్చంట. మధ్యలో ఎవరైనా నా ముఖం, చెవుల వెనక, మెడ, పాపిడి చూస్తుండాలని డాక్టరమ్మ చెప్పింది. సుజాతను చూడమన్నాను. అది ఒక్కసారి చూసి, "మంచిగున్నవ్ అమ్మా" అని ముద్దు పెట్టింది. పెళ్లి ఫోటోలో గింజను చూసి ఫ్లాష్ వెలుగు అనుకున్న బిడ్డ అది. ప్రేమున్న కళ్లకు నా ముఖంలో తప్పు కనపడదు.

నా ముఖంలో తప్పు వెతికే మనిషి నాకు ఈ భూమి మీద ఒక్కతే ఉంది. అందుకని ప్రతి అమావాస్యకు అంజమ్మ చెంగిచెర్ల నుంచి వస్తుంది. ఛాయ్ కూడా తాగదు. మెట్ల గది గుమ్మంలో వెలుతురుకు నన్ను కూర్చోబెట్టి, గడ్డం పట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు చూస్తుంది. చెవి మడిచి చూస్తుంది, జుట్టు పాయ పాయ తీసి చూస్తుంది. నేను కదలకుండా కూర్చుంటాను.

చివరికి గడ్డం వదిలేసి, కొంగుకు చేతులు తుడుచుకుంటుంది.

"ఏం లేదు. ఎప్పటిలెక్కనే ఉన్నవ్, గలీజుగ."

అప్పుడు లేచి వడియాలకు నీళ్లు పొయ్యి మీద పెడతాను.